ఇంజిన్ మార్చినా పులి దూకలేదు

మిర్యాలగూడ నుంచి ఒక సోదరి పెద్ద ఉత్తరం రాశారు. పేరు, పనిచేసే చోటు బయటపెట్టొద్దన్నారు కాబట్టి సారాంశం మాత్రం ఇస్తున్నాను.

వయసు 34. డిగ్రీలో కంప్యూటర్స్ చదివారు. పెళ్లయ్యాక ఒక రైస్ మిల్లులో అకౌంట్స్ చూస్తున్నారు. భర్తకు ఎలక్ట్రికల్ సామాన్ల షాపు ఉంది, ఇద్దరు పిల్లలు. నాన్నగారు దేవరకొండ దగ్గర పల్లెలో ఒంటరిగా ఉంటున్నారు. చిన్నప్పుడు గుడి ముందు బండ మీద చెక్కిన గీతల మీద ఆయనతో పులి-మేక ఆడేవారట. పులులు మేకల మీదుగా దూకి తింటాయి, మేకలు పులులను కదలకుండా కట్టేయాలి, అదీ ఆట. ఆ ఆటను ఫోన్లోకి తేవాలని కోరిక. నాన్నగారి దగ్గర ఉన్నది పాత ఆండ్రాయిడ్ ఫోన్. అమెరికాలో ఉన్న అక్క పిల్లలకు ఐప్యాడ్ ఉంది. ఈమెది విండోస్ ల్యాప్‌టాప్, 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ లేదు. ఆట మూడింట్లోనూ నడవాలి.

మొదట యూనిటీ అనే ఇంజిన్‌లో, అంటే ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లో, మొదలుపెట్టారు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మరిది చెప్పిన సలహా అది. తర్వాత వీడియోలు చూసి ఇంకో ఇంజిన్ అన్‌రియల్ దించుకుంటే ల్యాప్‌టాప్ బిగుసుకుపోయింది. ఆపైన కోడ్ రాయకుండా చేసుకోవచ్చని జీడెవలప్ పట్టారు. ఇప్పుడు గోడో చూశారు, నచ్చింది. ఆ మాట చెప్పగానే మరిది ముఖం మాడ్చుకున్నాడు. అతను సెలవుల్లో కూర్చుని యూనిటీలో బోర్డు, త్రీడీ పులి బొమ్మ తయారుచేసి ఇచ్చాడు. "గోడో పిల్లలు నేర్చుకునేది వదినా, రేపు ఉద్యోగానికి కూడా పనికిరాదు" అన్నాడు. భర్త ఏమో "వాడికి తెలవదా? అయినా రెండేండ్ల నుంచి చూస్తున్న, ఒక్క మేక కూడా కదల్లే" అంటున్నారు. రాత్రి పిల్లలు పడుకున్నాక ల్యాప్‌టాప్ తీస్తుంటే దొంగపని చేస్తున్నట్టుగా ఉందని రాశారు. "ఏ ఇంజిన్ తీసుకోవాలో ఒక్క మాటలో చెప్పండి. లేదంటే మానేయమనండి, మానేస్తాను" అని ఉత్తరం ముగించారు.

సమాధానం:

అమ్మా, మానేయమని నేను చెప్పను. ఒక్క మాటలో ఇంజిన్ పేరు చెప్పి వదిలేయడం కూడా కుదరదు. మీ ఉత్తరంలో ఉన్నది ఒక ప్రశ్న కాదు, మూడు. ఏ ఇంజిన్ అన్నది ఒకటి. ఆట ఎందుకు ముందుకు పోవట్లేదన్నది ఇంకొకటి. మరిదిని నొప్పించకుండా ఎట్లా అన్నది మూడోది. మూడింటికీ ఇంజినే జవాబు చెప్పాలని మీరు కూర్చున్నారు.

రెండోదానితో మొదలుపెడతాను. ఉత్తరం మళ్లీ చదివినప్పుడు ఒక సంగతి కనిపించింది. యూనిటీలో ఎక్కడ ఆగారు? పులి మేక మీదుగా దూకే దగ్గర. జీడెవలప్‌లో? "బోర్డు వచ్చింది, మేకలు పెట్టడం వచ్చింది, దూకుడు తప్పుగా వస్తోంది" అని మీరే రాశారు. గోడోలో? "దూకుడు ఇంకా ముట్టుకోలేదు." అన్‌రియల్‌ను లెక్కలోంచి తీసేద్దాం, మీ ల్యాప్‌టాప్ అక్కడ మిమ్మల్ని అంతదాకా పోనియ్యలేదు. ఇంజిన్ మారింది, భాష మారింది, ఆగిన చోటు మారలేదు. ఆ చోటు రాగానే మీకు కొత్త ఇంజిన్ వీడియో కనిపిస్తోంది. కొత్త ఇంజిన్లో మొదటి వారం బోర్డు గీయడం, బొమ్మలు పెట్టడం హాయిగా ఉంటుంది మరి.

మీరు పంపిన కోడ్ ముక్క చూశాను. రెండు చుక్కల మధ్య దూరం కొలిచి, అదే వాలులో ఇంకా అంతే దూరం పోతే ఎక్కడ తేలుతామో చూసి, అక్కడ చుక్క ఉంటే దూకవచ్చని రాశారు. చదరంగం లాంటి గళ్ల బోర్డుకు ఈ లెక్క నడుస్తుంది. పులి-మేక బోర్డు త్రికోణం. పై కొస నుంచి దిగే గీతలు కిందికి వచ్చేకొద్దీ విడిపోతాయి. పై అడ్డగీత మీద చుక్కలు దగ్గర దగ్గరగా ఉంటాయి, కింది గీత మీద ఎడంగా ఉంటాయి, రెండు పక్కల చివరి చుక్కలు మరీ దూరంగా పడతాయి. దూరాలే సమానంగా లేనిచోట దూరం కొలిచి లెక్క కడితే ఒక మూల సరిచేసేసరికి ఇంకో మూల చెడుతుంది. మీకు జరిగింది అదే.

ఈ బోర్డుకు లెక్క కట్టకండి, జాబితా రాసుకోండి. మీరు గీసి పంపిన బోర్డులో 23 చుక్కలున్నాయి. పై కొసకు 0 అని అంకె వేయండి. మొదటి అడ్డగీత మీద ఎడమ నుంచి కుడికి 1 నుంచి 6, రెండోదాని మీద 7 నుంచి 12, మూడోదాని మీద 13 నుంచి 18, అడుగున ఉన్న నాలుగింటికి 19 నుంచి 22. ఇప్పుడు ఏ చుక్కకు ఏవి పక్క చుక్కలో రాయండి. 0 పక్కన 2, 3, 4, 5 ఉంటాయి. 19 పక్కన 14, 20 మాత్రమే ఉంటాయి. ఇట్లా అన్నిటికీ రాయాలి. తర్వాత దూకుళ్లు. ఒక్కో దూకుడుకు మూడు అంకెలు: ఎక్కడి నుంచి, దేని మీదుగా, ఎక్కడికి. 0, 3, 9 ఒక దూకుడు. తిరిగి వచ్చే దారి 9, 3, 0 ఇంకొకటి. అడ్డంగా 13, 14, 15 మరొకటి. పులి కదిలినప్పుడు ప్రోగ్రాం చూడాల్సింది రెండే: మధ్య అంకె దగ్గర మేక ఉందా, చివరి అంకె దగ్గర ఖాళీ ఉందా. కోణాలు లేవు, దూరాలు లేవు. మిల్లులో రోజూ లెడ్జర్లు రాసే మనిషికి ఈ జాబితా ఒక ఆదివారం పూట పని.

రాసే ముందు నాన్నగారికి ఫోన్ చేయండి. మూడు పులులు, పదిహేను మేకలు అన్నది బాగా వాడుకలో ఉన్న లెక్క. కానీ ఊరికో తీరుగా ఆడతారు. ఆయన ఆడిన ఆటలో ఎన్ని? మేకలన్నీ బోర్డు మీదికి దిగేదాకా ఏ మేకా కదలకూడదా? పులి ఒకే ఎత్తులో రెండు మేకలు తినవచ్చా? ఎన్ని మేకలు పోతే మేకలవాడు ఓడినట్టు? ఈ ప్రశ్నలు ఒక్కరోజే అడిగేయకండి. రోజుకొకటి అడగండి. ఆయనకు కాలక్షేపం అవుతుంది, మీకు నియమాల కాగితం తయారవుతుంది.

ఆ కాగితం యూనిటీలోకి పోయినా పనికొస్తుంది, గోడోలోకి పోయినా పనికొస్తుంది. కోడ్‌లో కూడా నియమాలను ఒక వేరే ఫైల్లో పెట్టండి. ఆ ఫైల్లో బొమ్మ పేరు గానీ, బటన్ పేరు గానీ, శబ్దం ఊసు గానీ రాకూడదు. బోర్డు ఇప్పుడు ఎట్లా ఉంది, ఈ ఎత్తు చెల్లుతుందా, ఎవరు గెలిచారు, అంతే. రేపు మీ మనసు మళ్లీ మారినా ఈసారి మొదటికి రారు.

ఇక ఇంజిన్ సంగతి. అన్ని ప్లాట్‌ఫామ్‌ల మీదా ఆడాలని రాశారు గానీ, మీకు కావలసినవి అన్నీ కాదు. నాన్నగారి ఫోన్, మీ ల్యాప్‌టాప్, పిల్లల ఐప్యాడ్. మూడింటికీ ఆటను ఇవ్వగలమని మీరు చూసిన ఇంజిన్లన్నీ చెప్తాయి, అబద్ధమేమీ కాదు. ఇచ్చేదాకా మీరు పడే తిప్పల్లోనే తేడా ఉంది.

ముందు ఐప్యాడ్ చూద్దాం, ఎందుకంటే అదే ముడి. ఐప్యాడ్‌కు యాప్ కట్టాలంటే ఏ ఇంజిన్ వాడినా చివరికి ఆపిల్ వాళ్ల ఎక్స్‌కోడ్ అనే సాఫ్ట్‌వేర్ కావాలి, అది మ్యాక్ మీదనే నడుస్తుంది. యాప్ స్టోర్‌లో పెట్టాలంటే ఏడాదికి 99 డాలర్లు. ఇద్దరు పిల్లలు సెలవుల్లో ఆడే ఆటకు అంత ఎందుకు? దానికి తేలిక దారి వెబ్. ఆటను బ్రౌజర్‌లో నడిచేట్టు ఎక్స్‌పోర్ట్ చేసి, ఆటలు పెట్టుకునే ఇచ్.ఐఓ లాంటి సైట్లో ఉచితంగా పెట్టి, లింకు పంపితే సఫారీలో తెరుచుకుంటుంది. గోడో 4 మొదట్లో వచ్చిన వెర్షన్లు ఆపిల్ బ్రౌజర్లలో ఇబ్బంది పెట్టిన మాట నిజమే. 2024 ఆగస్టులో వచ్చిన 4.3 నుంచి ఒకే థ్రెడ్‌తో నడిచే వెబ్ ఎక్స్‌పోర్ట్ ఇచ్చారు, ఆ బాధ చాలావరకు పోయింది. ఆపిల్ బ్రౌజర్లలో గోడో నడవదని మీరు చూసిన వీడియో అంతకు ముందుది అయ్యుంటుంది. యూనిటీ కూడా యూనిటీ 6 నుంచి మొబైల్ బ్రౌజర్లకు అధికారికంగా మద్దతు ఇస్తోంది. అంటే వెబ్ దారి రెండింట్లోనూ తెరిచే ఉంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది, జాగ్రత్త. మరిదిని సంతోషపెట్టడానికి "గోడోలోనే సి షార్ప్ రాస్తే ఇద్దరికీ కుదురుతుంది కదా" అని మీరు ఒక ఆలోచన రాశారు. సి షార్ప్ అంటే యూనిటీలో కోడ్ రాసే భాష. వినడానికి బాగుంది. కానీ గోడో 4లో సి షార్ప్‌తో రాసిన ఆటను వెబ్‌కు ఎక్స్‌పోర్ట్ చేయలేము. ల్యాప్‌టాప్‌లో బ్రహ్మాండంగా నడుస్తుంది, ఐప్యాడ్ దగ్గరికి వచ్చేసరికి తలుపు మూసుకుంటుంది. గోడో తీసుకుంటే దాని సొంత భాష జీడీస్క్రిప్ట్‌తోనే రాయండి. చూడ్డానికి పైథాన్ లాగా ఉంటుంది, మీ డిగ్రీ నాటి సి భాష పునాది చాలు.

తెలుగు అక్షరాల సంగతి మీరు ఉత్తరం చివర ఒక్క వాక్యంలో రాశారు. నా దృష్టిలో మీ ఎంపికను తేల్చే వాటిలో అది ముఖ్యమైనది. యూనిటీలో "పులి చిక్కింది" అని రాస్తే తెర మీద "చిక్‌కింది" అని ఒత్తు విడిపోయి వచ్చిందన్నారు. ఫాంటు మార్చి మార్చి విసిగిపోయానన్నారు. తప్పు ఫాంటుది కాదు. ఒత్తులు, గుణింతాలు సరైన చోట కూర్చోవాలంటే అక్షరాలను కూర్చే పని ఎవరో ఒకరు చేయాలి. యూనిటీలో అక్షరాలు చూపించడానికి అందరూ వాడే టెక్స్ట్‌మెష్ ప్రో ఆ పని మన లిపులకు చేయదు. యూనిటీ 6లో తెరలు కట్టే యూఐ టూల్‌కిట్ వైపు కొత్త టెక్స్ట్ పద్ధతి తెచ్చారు, అది చేస్తుంది. కాకపోతే మీ మరిది కట్టిన తెరలు పాత పద్ధతివి, మళ్లీ కట్టాలి. లేదంటే ప్రతి తెలుగు మాటనూ బొమ్మగా చేసి అతికించాలి. పది మాటలకైతే సరే. నియమాలు వివరించే పేజీ ఒకటి పెడదామనుకుంటే నరకం.

గోడో 4లో ఈ కూర్పు ఇంజిన్‌లోనే ఉంది. 2023 మార్చిలో 4.0 వచ్చినప్పటి నుంచి తెలుగు సరిగా పడుతుంది. గోడో 3లో పడదు, కాబట్టి పాత కంప్యూటర్‌కు పాత వెర్షన్ మేలని ఎవరన్నా చెప్తే వినకండి. నోటో శాన్స్ తెలుగు, మండలి, రామభద్ర లాంటి ఉచిత ఫాంట్లలో ఏదో ఒకటి ప్రాజెక్టులోనే పెట్టండి. వెబ్‌లో ఆడేటప్పుడు ఆ పరికరంలోని ఫాంట్లు మీ ఆటకు అందవు.

మీ ల్యాప్‌టాప్ గురించి రెండు మాటలు. 8 జీబీతో యూనిటీ నడవదని కాదు, నడుస్తుంది. కోడ్‌లో ఒక అక్షరం మార్చి మళ్లీ ఆట చూడాలంటే అది ఆలోచించుకుంటూ కూర్చుంటుంది. మీకు రాత్రి దొరికేదే ఒక గంట. గోడో ఒక్క జిప్ ఫైల్, విప్పి తెరవడమే, ఇన్‌స్టాల్ కూడా అక్కర్లేదు. ఆండ్రాయిడ్‌కు ఏపీకే, అంటే ఫోన్లో వేసుకునే యాప్ ఫైలు, చేయాలంటే మాత్రం ఎక్స్‌పోర్ట్ టెంప్లేట్లు, జేడీకే, ఆండ్రాయిడ్ ఎస్‌డీకే అనే పనిముట్లు వేరుగా దించుకోవాలి. అవి బరువైనవి, మొదటిసారి అమర్చుకునే రోజు విసుగు పుడుతుంది. ఇంకో విషయం: ప్రాజెక్టు మొదలుపెట్టేటప్పుడే రెండరర్ (తెర మీద బొమ్మలు గీసే భాగం) దగ్గర కంపాటిబిలిటీ అన్నది ఎంచుకోండి. పాత ఫోన్లకు సరిపోయేది అదే, వెబ్‌కు పనిచేసేదీ అదొక్కటే. ఏ ఇంజిన్ తీసుకున్నా సరే, వీలైతే ల్యాప్‌టాప్‌కు ఎస్‌ఎస్‌డీ వేయించండి. మరిది దసరాకు ఏమన్నా కొనిస్తానంటే అదే అడగండి, కోర్సులు వద్దు.

ఇప్పుడు మీ ముందున్న దారులు చెప్తాను, ఏ దారిలో ఏం జరుగుతుందో కూడా.

మరిది మాట విని యూనిటీలోనే ఉండిపోవచ్చు. సి షార్ప్ చేతికి వస్తుంది. ఆటల కంపెనీల ఉద్యోగ ప్రకటనల్లో యూనిటీ, అన్‌రియల్ పేర్లే ఎక్కువ కనిపిస్తాయి, అతను చెప్పింది తప్పు కాదు. ఏదన్నా చిక్కు వస్తే వెతికిన వెంటనే జవాబు దొరుకుతుంది. డబ్బు భయం పెట్టుకోకండి. 2023 సెప్టెంబర్‌లో ఇన్‌స్టాల్ లెక్కన రుసుము అని యూనిటీ ప్రకటించి అందరినీ హడలగొట్టింది, సరిగ్గా ఏడాదికి దాన్ని ఎత్తేసింది. ఇప్పుడు ఏడాదికి రెండు లక్షల డాలర్ల లోపు రాబడి ఉన్నవాళ్లకు పర్సనల్ వెర్షన్ ఉచితం. పులి-మేక మీద మీకు అంత వస్తే అప్పుడు నాకు ఇంకో ఉత్తరం రాయండి. ఈ దారిలో అసలు ఇబ్బంది వేరే ఉంది. మీ ల్యాప్‌టాప్ మీద బరువు, తెలుగు కోసం తెరలన్నీ మళ్లీ కట్టడం, ఏ ముక్క చెడినా మరిదికి ఫోన్ చేయాల్సి రావడం. అతను వారానికోసారి దొరికితే మీ ఆట వారానికో అడుగు వేస్తుంది. ఒకరోజు అది మీ ఆట కాకుండా, అతని ఆటకు మీరు సాయం చేసినట్టు అవుతుంది. అది మీకు ఇష్టమేనా అన్నది మీరే తేల్చుకోవాలి. ఇష్టమైతే తప్పేమీ లేదు.

గోడో తీసుకుంటే మీ ల్యాప్‌టాప్ మోస్తుంది, తెలుగు పడుతుంది, ఫోన్, కంప్యూటర్, వెబ్ మూడూ వస్తాయి. పిల్లలది అన్న మాటకు జవాబు: అర్జెంటీనాకు చెందిన హువాన్ లినియెట్‌స్కీ, ఆరియెల్ మన్సూర్ తమ పని కోసం కట్టుకున్న ఇంజిన్ ఇది, 2014లో అందరికీ ఉచితంగా తెరిచి ఇచ్చారు. ఎవరైనా ఉచితంగా వాడుకోనిచ్చే ఎంఐటీ లైసెన్సు కాబట్టి మీ చేతిలో ఉన్న వెర్షన్‌కు రేపు ఎవరూ వచ్చి డబ్బు అడగలేరు. డోమ్ కీపర్, బ్రొటాటో లాంటి అమ్ముడుపోయిన ఆటలు దీంతో చేసినవే. లోట్లు కూడా ఉన్నాయి. సందేహం వస్తే దొరికే జవాబుల్లో చాలా గోడో 3 నాటివి ఉంటాయి, అవి 4లో చాలావరకు పనిచేయవు. తేదీ చూసి చదవాలి. ఉద్యోగం కోసం రెజ్యూమెలో రాసుకుంటే యూనిటీ అంత బరువు ఉండదు. మీరు ఉద్యోగం వెతుకుతున్నట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు. ఆ టెన్షన్ మరిది పెట్టింది.

జీడెవలప్‌కు తిరిగి పోవచ్చు, చెడ్డది కాదు. ఈ ఆటకు మాత్రం దూకుళ్ల జాబితాను అందులో కోడ్‌కు బదులు వాడే ఈవెంట్లతో నడపడం చేతికి అడ్డంగా ఉంటుంది. మీ పెద్దబ్బాయికి నేర్పించడానికి ఉంచుకోండి. అన్‌రియల్‌ను ఇక తెరవొద్దు. ఇరవై మూడు చుక్కల ఆటకు అది ఎడ్లబండికి రైలింజిన్ కట్టడమే.

మీ స్థానంలో నేనుంటే గోడో తీసుకుంటాను. కారణం అది గొప్పదని కాదు. మీకు దొరికే రాత్రి గంట వృథా కాదు, "చిక్కింది" సరిగా పడుతుంది, ఐప్యాడ్‌కు మ్యాక్ అక్కర్లేదు. ఈ మూడింట్లో ఏది మారినా నా మాట మారుతుంది. ఉదాహరణకు రేపు మీరు కొత్త కంప్యూటర్ కొని, ఆటల కంపెనీలో ఉద్యోగానికి ప్రయత్నిస్తానంటే యూనిటీయే పట్టుకోమంటాను.

ఏది తీసుకున్నా వెర్షన్ విషయంలో ఒక కట్టుబాటు పెట్టుకోండి. సాగర్ ఎడమ కాలువ కింద వడ్లు మిల్లులకు వచ్చే నెలల్లో మీకు ఊపిరి ఆడదని రాశారు. వానాకాలం పంటకు ఒకసారి, యాసంగికి ఒకసారి, రెండేసి నెలలు ల్యాప్‌టాప్ ముట్టుకోరు. తిరిగి వచ్చేసరికి కొత్త వెర్షన్ వచ్చి ఉంటుంది, దించుకోమని ఊరిస్తుంది. దించుకోవద్దు. ఆట పూర్తయ్యేదాకా మొదలుపెట్టిన వెర్షనే. సీజన్‌కు ముందు చివరి రోజున, "ఎక్కడ ఆపాను, తర్వాత ఏం చేయాలి" అని నాలుగు వాక్యాలు తెలుగులో రాసి ప్రాజెక్టు ఫోల్డర్లో పెట్టి, ఫోల్డర్‌ను జిప్ చేసి డ్రైవ్‌లో దాచండి. ఏపీకేకు సంతకం చేసే కీ ఫైలు, దాని పాస్‌వర్డు కూడా భద్రం. అది పోతే, నాన్నగారి ఫోన్లో ఉన్న ఆట మీదికి కొత్తది ఎక్కదు, పాతది తీసేసి మళ్లీ వేయాలి.

నాన్నగారికి ఆట చేర్చడానికి ప్లే స్టోర్ అక్కర్లేదు. ఏపీకేను వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపవచ్చు. ఫోన్ హెచ్చరిక చూపిస్తుంది కాబట్టి ఊరికి పోయినప్పుడు మీ చేత్తో వేసి రండి. ప్లే స్టోర్‌లో పెట్టాలనిపిస్తే ఖాతాకు ఒకసారి 25 డాలర్లు కట్టాలి. కొత్తగా తీసుకునే వ్యక్తిగత ఖాతాలకైతే, పన్నెండు మంది పరీక్షకులు వరసగా పద్నాలుగు రోజులు ఆటను తమ దగ్గర ఉంచుకోవాలన్న నియమం కూడా ఉంది. అక్కలు, వదినలు, మిల్లులో వాళ్లు కలిస్తే పన్నెండు మంది దొరకరా అంటే దొరుకుతారు. ఆట తయారయ్యాక చూసుకోండి.

తాత, మనవళ్లు ఇంటర్నెట్‌లో ఎదురెదురుగా ఆడాలన్న కోరికను ఇప్పటికి పక్కన పెట్టండి. దానికి సర్వర్ కావాలి, కనెక్షన్ తెగితే ఏం చేయాలో రాయాలి. మీ ఆట మళ్లీ మూలకు పడేది అక్కడే. పైగా ఆయనకు పొద్దున్న అయితే వాళ్లకు రాత్రి, ఇద్దరూ ఒకే సమయానికి కూర్చునేది తక్కువ. ముందు ఒకే తెర మీద ఇద్దరు ఆడేట్టు చేయండి. తర్వాత ఇట్లా చేయవచ్చు: బోర్డు మొత్తం 23 చుక్కలే కదా, ఒక్కో చుక్క ఖాళీ, పులి, మేక, మూడింట్లో ఒకటి. 23 అక్షరాల్లో బోర్డు మొత్తం పడుతుంది. దానికి ఎవరి వంతు, ఎన్ని మేకలు మిగిలాయి అన్నది చేర్చితే చిన్న కోడ్ అవుతుంది. తన ఎత్తు వేశాక "కాపీ" నొక్కి ఆ కోడ్‌ను వాట్సాప్‌లో పంపితే, అవతలివాళ్లు తమ ఆటలో అతికించి బోర్డు చూస్తారు. రోజుకొక ఎత్తు. సర్వర్ లేదు, ఖర్చు లేదు. ఒంటరిగా ఆడాలంటే కంప్యూటర్ పులి కూడా కష్టం కాదు: దూకే అవకాశం ఉంటే దూకమనండి, లేకుంటే ఎక్కువ ఖాళీలు ఉన్న వైపు కదలమనండి. మీ నాన్నగారిని ఓడించదు గానీ పిల్లలకు చాలు.

మీ ఆయన మాట గురించి ఎక్కువ బాధపడకండి. మేక కదల్లేదన్నది నిజం. ఆయనకు కనిపిస్తున్నది ఇంజిన్లు మార్చడమే. దొంగపనిలా రాత్రి పూట చేయడం మానేసి, దూకుళ్ల జాబితా కాగితాన్ని ఆయన ముందే పరిచి అంకెలు సరిచూడమనండి. అందులో కంప్యూటర్ ఏమీ లేదు. పులి-మేక ఆడినవాళ్లు ఎవరైనా తప్పు పట్టగలరు.

ఇక మరిది. అతనికి కోపం గోడో మీద కాదు. సెలవులు పాడుచేసుకుని తను చేసినదాన్ని మీరు పక్కన పడేస్తున్నారని కోపం. అది న్యాయమైన కోపమే. అతని పని వృథా కానక్కర్లేదు. ఆ త్రీడీ పులి మూల ఫైలు త్రీడీ బొమ్మలు చేసే బ్లెండర్‌ది అయితే, పై నుంచి చూసినట్టు రెండు మూడు భంగిమల్లో పీఎన్‌జీ బొమ్మలుగా తీసి ఇమ్మనండి. అవి గోడోలో నేరుగా పడతాయి, నాన్నగారి ఫోన్‌కు త్రీడీ బరువు కూడా తప్పుతుంది. ఫోన్లో చెప్పకండి, వాట్సాప్‌లో అసలే వద్దు. ఇంటికి వచ్చినప్పుడు గోడోలో పులి దూకేది ఒకసారి చూపించి, ఆ తర్వాత చెప్పండి. "నువ్వు చేసిన పులే ఇందులో కావాలె తమ్మీ. యూనిటీ నా ల్యాప్‌టాప్ మోస్తలేదు, తెలుగు ఇరుగుతుంది, గందుకే ఇట్ల చేసిన. బొమ్మలన్నీ నీవి, నీ పేరు కూడా ఏస్త" అంటే చాలు. ఇంజిన్లలో ఏది మేలన్న వాదంలోకి మాత్రం దిగకండి. దాంట్లో అతను గెలుస్తాడు, మీ ఆట మళ్లీ ఆగుతుంది.

అయినా ఒప్పుకోకుండా యూనిటీలోనే చేస్తానంటే చేయనివ్వండి. నియమాల కాగితం నకలు ఒకటి ఇవ్వండి. దూకుళ్ల జాబితా అతనికీ అక్కరకొస్తుంది, ఎందుకంటే అతని బోర్డులోనూ పులి ఇంకా దూకట్లేదని మీరే రాశారు. అప్పుడు రెండు ఆటలు తయారవుతాయి. మీకున్న నష్టమల్లా బొమ్మలు మీరే గీసుకోవాల్సి రావడం. పులికి ఎర్రచుక్క, మేకకు తెల్లచుక్క పెట్టినా ఆట ఆటే. మీ నాన్నగారు బండ మీద ఆడింది గులకరాళ్లతోనే కదా.